ఆకాశానికి లైన్ క్లియర్

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసే వేలమందిలో పట్టాలు అడ్డంగా దాటి డ్యూటీకి వెళ్ళనివాడు బహుశా టర్నరు అప్పలకొండ ఒక్కడే. సైరన్ మోగే వేళకి జనమంతా సైకిళ్ళు ఎత్తిపట్టుకుని యార్డులోంచి అడ్డదారిన పోతుంటే, అతను మాత్రం చుట్టుతిరిగి వంతెన ఎక్కి దిగేవాడు. ఎవరైనా నవ్వితే నవ్వనిచ్చేవాడు.

అతని తండ్రి ఎర్రయ్య ఇన్‌స్పెక్టర్ల ట్రాలీ తోసే మనిషి. ఇచ్ఛాపురం దాటాక ఎక్కడో ఒక చిన్న స్టేషన్లో, "లైను ఖాళీయే, పొండి" అని ఎవరో నోటిమాటగా అన్నారు. చేతికి కాగితం రాలేదు. ట్రాలీ మలుపు తిరిగేసరికి ఎదురుగా గూడ్సు బండి. ఎర్రయ్య కుడికాలు మోకాలి కింద పోయింది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ కొడుక్కి ఆయన చెప్పింది ఒక్కటే: "కాగితం సేతిలో పడకుండా అడుగు ముందుకెయ్యకురా."

ఇలాంటి మనిషి ఆకాశంలోకి రాకెట్ వదలాలనుకున్నాడంటే ఝపటాపూర్‌లో అతని ఇంటి చుట్టుపక్కలవాళ్ళు మొదట నమ్మలేదు.

అది అరవై మూడో సంవత్సరం చలికాలంలో మొదలైంది. ప్రేమ్ బజార్ పక్కన ఉన్న పెద్ద ఇంజనీరింగు కాలేజీలో ఎగ్జిబిషన్ పెట్టి ఊళ్ళోవాళ్ళని కూడా రానిచ్చారు. అప్పలకొండ భార్య దాలమ్మని తీసుకుని వెళ్ళాడు. ఒక గదిలో గోడ నిండా ఆకాశం బొమ్మ. కింద భూమి, మధ్యలో మబ్బులు, పైన నక్షత్రాలు. ఒక బెంగాలీ లెక్చరర్ పుల్లతో చూపిస్తూ, పైకి వెళ్ళేకొద్దీ చలి పెరుగుతుందనీ, మబ్బులు దాటితే నీళ్ళు గడ్డకట్టేంత చలి ఉంటుందనీ హిందీలో చెప్పాడు.

అప్పలకొండ టర్నరు కాకముందు పదేళ్ళు కమ్మరి షాపులో కొలిమి దగ్గర పనిచేశాడు. అతనికిది మింగుడుపడలేదు. "సూరజ్ తో ఊపర్ హై నా, సార్?" అని, సూర్యుడున్నది పైనే గదా అన్నట్టు అడిగాడు. లెక్చరర్ గాలి పల్చబడటం గురించి ఓపిగ్గా ఏదో చెప్పాడు. అందులో మొదటి మాట అర్థమైంది, చివరి మాట అర్థమైంది, మధ్యలోది జారిపోయింది. వెనకనుంచి జనం తోసేశారు.

ఇంటికి నడుస్తూ దాలమ్మని అడిగాడు. "కొలిమి దగ్గిరికెల్తే సలేస్తాదేటే?"

"నాకేటి తెలుసు? నాను పైకెల్లి సూసినానా?"

"ఆ మేస్టరు మాత్రం ఎల్లినాడేటి?"

"ఎల్లనోడు అంత గట్టిగా ఎలాగ సెప్తాడు మరి?" అంది దాలమ్మ, ఆ మాట అక్కడితో మరిచిపోయింది కూడా.

అతను మరవలేదు. అదే చలికాలంలో కేరళ సముద్రపు ఒడ్డునుంచి మనవాళ్ళు రాకెట్ వదిలారని పేపర్లో వచ్చింది. ఆ బొమ్మని కత్తిరించి తెచ్చుకుని రోజూ చూసేవాడు. కొన్నాళ్ళకి చూడటం మానేసి కొలతలు వేయడం మొదలుపెట్టాడు.

రెండు నెలలు పట్టింది. స్క్రాపులో కొన్న ఉక్కు గొట్టాన్ని గేటు పాసు రాయించుకుని మరీ ఇంటికి తెచ్చాడు. ఆదివారాలూ సెలవు రోజులూ పెరట్లో కూర్చుని ఆకురాయితో రుద్దాడు. మనిషి నడుమంత ఎత్తు గొట్టం, కింద నాలుగు రెక్కలు, పైన నున్నటి ఇత్తడి ముక్కు. ఆ ముక్కు లోపల ఒక థర్మామీటరు పెట్టే చోటు. అది ఎంత చలికి దిగితే అక్కడే గుర్తు నిలబెట్టి ఉంచే రకం. కిందికి మెల్లగా దిగడానికి దాలమ్మ తన పట్టుచీర కొంగు చింపి గొడుగులా కుట్టి ఇచ్చింది. "ఏటి సేస్తావో నాకు తెలీదు గానీ, నా సీర ముక్క మాత్రం తిరిగొచ్చీలాగ సూడు" అంది.

మందు కూరే పని మాత్రం తను చెయ్యనన్నాడు. మేదినీపూర్‌లో లైసెన్సున్న బాణసంచా మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయన గొట్టం చూసి చాలాసేపు తిప్పి, "కూరుతాను, కానీ సర్కారు కాగితం చూపించు. వదిలే రోజునే కూరుతాను" అన్నాడు. అప్పలకొండకి ఆ మాట ప్రాణానికి హాయిగా తోచింది. తనూ అదే అనుకుంటున్నాడు. కాగితం తేవాలి. ఎవర్ని అడగాలన్నదే తెలియలేదు.

సుభాష్‌పల్లిలో ఉండే అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు కృపారావు దగ్గరికి వెళ్ళాడు. కృపారావుగారి ఇంగ్లీషు చూసి ఆఫీసర్లే మెచ్చుకునేవారు. చర్చిలో ఉత్తరాలన్నీ ఆయనే రాసేవాడు. ఇద్దరికీ పదిహేనేళ్ళ స్నేహం. ఒకరు మాస్టారు, ఇంకొకరు కూలీ బిడ్డ అన్న తేడా మాటల్లో తప్ప మనసుల్లో లేదు.

"మాస్టరుగారూ, ఈ లైనుకి బండి వదలాలంటే ముందు స్టేషనోడు క్లియర్ ఇవ్వాల. మరి ఆకాశానికి ఎవులిస్తారండీ?"

కృపారావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నిజంగానే అడుగుతున్నావా?"

"నవ్వులాటకి ఇంత దూరం వస్తానేటండీ?"

"ఆకాశం ఎవరిదో ముందు తెలియాలి కదయ్యా. మనకి తెలిసిందల్లా బైబిల్లో ఆదికాండం మొదటి అధ్యాయం, ఆకాశాన్ని దేవుడు చేశాడని. ఆయనకి అర్జీ పెట్టాలంటే ఫారం అక్కర్లేదు" అని నవ్వి, అతని మొహం చూసి నవ్వు ఆపేశాడు. "సరే. జిల్లా ఆఫీసుతో మొదలుపెడదాం."

జిల్లా ఆఫీసులో గుమాస్తా ఆ అర్జీని మూడుసార్లు చదివాడు. తుపాకీ లైసెన్సులకి ఒక రిజిస్టరు, సర్కస్ గుడారాలకి ఒక రిజిస్టరు, జాతరలో బాణసంచాకి ఒక రిజిస్టరు ఉన్నాయి. దీన్ని దేన్లో ఎక్కించాలో తెలియక, చివరికి 'ఇతరములు'లో ఎక్కించి నంబరు వేసి రసీదు ఇచ్చాడు. రెండు వారాలకి జవాబు వచ్చింది: ఇది పేలుడు పదార్థాల శాఖకి సంబంధించినది, కలకత్తాకి రాయవలెను.

కలకత్తాకి రాశారు. మందు గురించి అయితే మేస్త్రీకి లైసెన్సు ఉంది గనక మాకు చెప్పవలసింది లేదు, ఎగిరే వస్తువు గురించి అయితే విమానాల శాఖకి రాయండి అన్నారు.

విమానాల శాఖకి రాశారు. ఆ వస్తువు విమానమైతే దాని రిజిస్ట్రేషన్ నంబరూ, నడిపేవాడి లైసెన్సూ జతపరచవలెను, విమానం కాకపోతే మా పరిధిలోకి రాదు అన్నారు.

"నడిపీవోడేటండీ?" అన్నాడు అప్పలకొండ. "అందులో థర్మామీటరు తప్ప ఏటీ లేదు గదా."

"అదే రాద్దాం" అన్నాడు కృపారావు. అదే రాశారు. దానికి జవాబు రాలేదు. మరో శాఖ నుంచి మాత్రం, అందులో వైర్‌లెస్ పరికరం ఉంటే లైసెన్సు తీసుకోవాలి, లేకపోతే అక్కర్లేదు అని అడగని జవాబు ఒకటి వచ్చింది. తమ ఉత్తరం ఆ శాఖకి ఎలా చేరిందో ఇద్దరికీ అంతుపట్టలేదు. చివరికి ఢిల్లీకే రాశారు. ఒక ప్రైవేటు మనిషి ఆకాశంలోకి వస్తువు పంపాలంటే ఏ చట్టం కింద, ఎవరి అనుమతి తీసుకోవాలో దయచేసి తెలుపవలెను. ఆ ఉత్తరం వెళ్ళిన నెలకి నెహ్రూగారు పోయారు. దేశమంతా వేరే దుఃఖంలో ఉంది. ఇది అడగవలసిన సమయం కాదని అప్పలకొండే ఊరుకున్నాడు. ఊరుకుని ఏడాది దాటింది.

అరవై అయిదు సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. కలైకుండలో విమానాల స్థావరం మీద బాంబులు పడ్డాయి. ఖరగ్‌పూర్ ఇళ్ళ కిటికీలన్నిటికీ నల్లకాగితాలు అంటించారు. ఊళ్ళో తెలియని మనిషి కనిపిస్తే పదిమంది చుట్టుముట్టి పేరు అడుగుతున్నారు.

ఆ వారంలోనే ఒక ఉదయం పది గంటలకి, లేత్ మీద ఇరుసు తిప్పుతున్న అప్పలకొండని ఛార్జ్‌మన్ పిలిచాడు. బయట జీపు ఉంది. అందులో పోలీసు దారోగా, ఇద్దరు కానిస్టేబుళ్ళు. అతన్ని ఎక్కించుకుని ఇంటికే తీసుకువెళ్ళారు. మంచం కింద గోనెపట్టలో చుట్టి ఉన్న రాకెట్‌ని బయటికి లాగితే దాలమ్మ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. వీధి వీధంతా వచ్చి నిలబడింది. నిన్నటిదాకా "రాకెట్ మామా" అని పిలిచినవాళ్ళే పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

ఠాణాలో దారోగా దాన్ని బల్లమీద పెట్టించాడు. తను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"పర్మిషన్ కిస్‌నే దియా?"

"కిసీనే నహీ దియా, సాబ్. ఇసీలియే ఛోడా నహీ."

ఎవరూ అనుమతి ఇవ్వలేదు, అందుకే వదల్లేదు. ఈ జవాబు రాసుకోబోయి దారోగా కలం ఆపాడు. అతన్ని పట్టించిన సమాచారం ఎక్కడినుంచి వచ్చిందంటే, అతను పెట్టుకున్న అర్జీల నుంచే వచ్చింది. ఏడాదికి పైగా ఏ ఆఫీసులో ఏ మూల పడి ఉన్నాయో తెలియని అర్జీలన్నీ యుద్ధం రాగానే ఒక్కసారి బయటికొచ్చాయి. ఫలానా వీధిలో ఫలానా మనిషి దగ్గర ఆకాశంలోకి ఎగిరే ఆయుధం ఉందని అన్ని ఆఫీసులూ ఒకే రోజున ఠాణాకి రాశాయి.

కబురు అంది కృపారావు డ్యూటీ మధ్యలోనే పరుగెత్తుకొచ్చాడు. చంకలో ఫైలు. అర్జీల నకళ్ళు, రసీదులు, జవాబులు, గొట్టం తాలూకు గేటు పాసు, తేదీల వరసలో. దారోగా మధ్యాహ్నం దాకా వాటినే చదివాడు. టీ తెప్పించుకుని మళ్ళీ చదివాడు. చదివేకొద్దీ ఆయన మొహంలో కోపం తగ్గి, అప్పలకొండ మొహంలో ఎప్పుడూ ఉండేలాంటి చిక్కు కనిపించసాగింది.

చివరికి హిందీలో అన్నాడు. "నువ్వు అడక్కుండా వదిలేసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఏదో ఒక సెక్షన్ పెట్టేవాణ్ణి. ఇంతమందిని అడిగి, ఒక్కసారీ వదలనివాడి మీద ఏం రాయను?"

"మరి నన్ను ఎందుకు తెచ్చినారు, సాబ్?"

"అదే నేనూ చూస్తున్నాను" అన్నాడు దారోగా. కాగితాల వైపు చూపించాడు.

సాయంత్రానికి అప్పలకొండని పంపించేశారు, రాకెట్‌ని ఉంచేసుకున్నారు. దానికి ఇచ్చిన రసీదులో 'మొన తేలిన ఉక్కు గొట్టం, ఒకటి. లోపల గాజు సామాను, పట్టుగుడ్డ' అని రాశారు. అప్పలకొండ ఆ రసీదుని కూడా ఫైలులోనే పెట్టాడు.

ఆ తరవాత నెలల్లో అతను సరిగ్గా తినలేదు. తప్పు చేశానా లేదా అన్నదొక్కటీ తేలకుండా లోపల తిరుగుతూ ఉండేది. తప్పు చేస్తే శిక్ష ఉండాలి. చెయ్యకపోతే సామాను ఇవ్వాలి. ఈ రెండూ కాని చోట మనిషి ఎలా నిలబడాలి? దాలమ్మ అతని పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ, "అడగడమే తప్పేమోనయ్యా" అంది ఒకరోజు. "మా నాయిన కాలు అడక్కపోతేనే గదే పోయినాది" అన్నాడు.

అరవై ఆరు చివర్లో, ఎవరూ ఎదురుచూడని వేళ ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. ప్రైవేటు మనుషులు ఆకాశంలోకి వస్తువులు పంపడం గురించి ప్రస్తుతం ఏ చట్టమూ అమలులో లేదు. కనుక అనుమతి ఇవ్వడానికి గాని నిరాకరించడానికి గాని ఈ కార్యాలయానికి వీలు లేదు. స్థానిక అధికారులు తమకు తోచినట్టు చేయవచ్చు. దాని నకలు జిల్లా ఆఫీసుకి కూడా వెళ్ళింది. వాళ్ళు పది రోజుల్లో, ఇతర శాఖలకి అభ్యంతరం లేకపోతే మాకూ అభ్యంతరం లేదు అని రాశారు. మిగిలిన శాఖలన్నీ అదే మాట రాశాయి. మీకు లేకపోతే మాకూ లేదు.

రెండు రోజులు సాయంత్రాలు ఆ ఉత్తరాలన్నీ చాప మీద పరుచుకుని కూర్చున్నారు ఇద్దరూ.

"ఇది క్లియరేనా, మాస్టరుగారూ?"

"ఎవడూ వద్దనలేదు."

"ఎవులూ ఎల్లమని కూడా అన్లేదు గదండీ."

"అనలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇలాంటి సిగ్నల్ నేను చూడలేదయ్యా. ఎర్రా కాదు, పచ్చా కాదు. నన్ను అడక్కు, నా బుర్ర పనిచెయ్యటం లేదు."

మూడోరోజు అప్పలకొండ సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, ఒక్కడే మేదినీపూర్‌లో జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. వెళ్ళే బస్సులో అతనికి ఒక సంగతి తట్టింది. అధికారిని వదలమంటారా అని అడిగితే ఆయన మళ్ళీ ఇంకో ఆఫీసు పేరు చెప్తాడు. అందుకని లోపలికి వెళ్ళి నమస్కారం పెట్టి, ఉత్తరాలన్నీ ఆయన ముందు పెట్టి, అనుమతి మాటే ఎత్తలేదు. "ఏ రోజున వదలమంటారు సాబ్? కాసాయి నది ఇసకలో, పట్టపగలు. చూడ్డానికి పోలీసు మనిషి రావాలంటే ఏ రోజు కుదురుతుంది?" అని అడిగాడు.

ఆ అధికారి చిన్న వయసువాడు. ఉత్తరాలు తిరగేశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. మళ్ళీ ఉత్తరాలు తిరగేశాడు. అనుమతి ఇవ్వడానికి ఆయన దగ్గర రూలు లేదు గానీ, తేదీ రాయడానికి రూలు అక్కర్లేదు. క్యాలెండరు చూసి, ఫిబ్రవరి పంతొమ్మిది, ఆదివారం అని కాగితం మీద రాసి, ఒక కానిస్టేబుల్ హాజరు కావలెను, ముందుగా విమానాల స్థావరానికి తెలియపరచవలెను అని చేర్చి సంతకం పెట్టాడు. అప్పలకొండ ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని, ఏడుపు ఎందుకొస్తోందో తెలియక ఏడ్చాడు.

ఠాణా నుంచి రాకెట్ తెచ్చుకున్నాడు. రెక్కలకి తుప్పు పట్టింది. రుద్దాడు. ఆ ఆదివారం పొద్దున మేస్త్రీ కాగితం చదివించుకుని మందు కూరాడు. కానిస్టేబుల్ హరిపద మాయితి సైకిల్ మీద వచ్చాడు. పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు. నదిలో నీళ్ళు ఒక పక్కకి పాయగా పోతున్నాయి. మిగిలిందంతా ఇసక. కృపారావు ఆరాధన ముగించుకుని కోటుతోనే వచ్చాడు. దాలమ్మ ఒడ్డునే కూర్చుంది.

"నేనేం చూడాలి?" అని అడిగాడు మాయితి బెంగాలీలో. "చూడమన్నారు. ఏం చూడాలో చెప్పలేదు."

"నాకూ సరిగ్గా తెలీదు, దాదా" అన్నాడు అప్పలకొండ. "పైకెళ్ళేది చూడండి. దిగేది చూడండి."

మేస్త్రీ అందర్నీ దూరంగా గట్టు వెనక్కి పంపి పొడవాటి వత్తి అంటించి వచ్చాడు. కాసేపు ఏమీ జరగలేదు. తరవాత ఇసక ఒక్కసారి లేచింది. చెవులు దిమ్మెక్కే చప్పుడు. తెల్లటి పొగ గీత ఒకటి, గోడ మీద సున్నంతో గీసినట్టు, నిటారుగా పైకి పోయింది. పైన ఒకచోట ఒరిగింది. ఆ తరవాత గీత మిగిలింది, గొట్టం కనపడలేదు.

నలుగురూ మెడలు ఎత్తి నిలబడ్డారు. ఒడ్డు మీద దాలమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాయితి టోపీ తీసేశాడు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. పట్టుగుడ్డ గొడుగు ఎటునుంచీ దిగలేదు. సాయంత్రం దాకా ఇసకలో, రెల్లులో, అవతలి ఒడ్డు చేలల్లో వెతికారు. పొలాల్లో వాళ్ళని అడిగారు. చప్పుడు విన్నామన్నారు. పడింది చూడలేదన్నారు.

"ఏటయిందంటారు?" అన్నాడు అప్పలకొండ.

"నదిలో మునిగిందేమో. ఎక్కడో దూరంగా పడి ఉండొచ్చు" అన్నాడు కృపారావు.

"అసలు పైనే ఉండిపోయిందేమోనండీ?"

దాలమ్మ ఆకాశం వైపు చూస్తూనే, "ఎల్లినాది గదా. నువ్వు సేసింది ఎల్లినాది. నాను సూసినాను" అంది. ఆమె గొంతులో గర్వం ఉంది. పట్టుచీర ముక్క మాట ఎత్తలేదు. అప్పలకొండకి ఆ రోజు మొత్తంలో స్పష్టంగా అర్థమైన మాట అదొక్కటే.

మాయితి సైకిల్ సీటు మీద కాగితం పెట్టుకుని రిపోర్టు రాసుకున్నాడు. పైకి వెళ్ళింది, ఎవరికీ గాయం కాలేదు అని రాసి, మూడో వాక్యం దగ్గర కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఆ చోటు అలాగే వదిలేసి సంతకం పెట్టాడు.

మర్నాడు అప్పలకొండ వంతెన ఎక్కి డ్యూటీకి వెళ్ళాడు. ఇంకో రాకెట్ చెయ్యమని షాపులో కుర్రాళ్ళు అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఒకదానికే మూడేళ్ళు పట్టింది, ఈసారి ఏ తేదీ అడగాలో తెలీదన్నాడు. సెలవు రోజుల్లో అవతలి ఒడ్డు ఊళ్ళకి వెళ్ళి, ఇత్తడి ముక్కున్న గొట్టం ఎవరికైనా దొరికిందా అని అడిగి వచ్చేవాడు. రెండేళ్ళకి అదీ మానేశాడు.

అతను రిటైరయ్యే సంవత్సరం, డెబ్భై ఒకటిలో, ఎక్కడో ఒక కొత్త ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. ఆకాశంలోకి వస్తువులు పంపినవాళ్ళ వివరాలు సేకరిస్తున్నారట. కృపారావు ఒక్కొక్క గడీ చదువుతుంటే అప్పలకొండ చెప్తూ పోయాడు. పేరు, వృత్తి, పంపిన తేదీ, చోటు. అవన్నీ సులువుగా నిండాయి.

"'ప్రస్తుతం ఆ వస్తువు ఎవరి అధీనంలో ఉన్నది?'" అని చదివాడు కృపారావు.

అప్పలకొండ లేచి గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. "ఆళ్ళకేటైనా తెలుసేమో ఎదురడగండి, మాస్టరుగారూ" అన్నాడు.

కృపారావు అలాగే రాశాడు.